అయిపోయినవి వేసే బుట్ట

పటమట, విజయవాడ
11 అక్టోబరు 2025, శనివారం

పెదనాన్నకి,

ఈ రోజు మొదటి ఆశ్చర్యం పళ్ళు తోముకోకముందే ఎదురైంది. మీ లాప్‌టాప్‌ని దులుపుదామని తిరగేస్తే కీబోర్డు సందుల్లోంచి నాలుగు అక్షింతలు రాలాయి. దసరాకి మగ్గంతో పాటు దానికీ పూజ చేశారని నాన్న ఫోన్‌లో చెప్పాడు. లోపలిదాకా చేశారని చెప్పలేదు. అక్షింతలు పారేయబుద్ధి కాక పెన్నుల డబ్బాలో వేశాను.

ఇక జబ్బు సంగతి. మూడుసార్లు ఆన్ చేస్తే ఒకసారి తెరుచుకుంటోంది. మిగతా రెండుసార్లూ తెల్ల చుక్కలు గుండ్రంగా తిరిగి తిరిగి, చివరికి తెరంతా నీలంగా అయిపోయి ఒక ఏడుపు ముఖం వస్తోంది. అక్షింతల వల్ల కాదులెండి. మా కాలేజీ దగ్గర రిపేరు షాపు పెట్టిన దుర్గాశంకర్ గారికి చూపించాను. లోపల సామాను బాగానే ఉందట, విండోస్ పాడైందట. విండోస్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్. యంత్రం లేవగానే ముందు లేచి మిగతా ప్రోగ్రాములన్నిటికీ పనులు పురమాయించేది. దానికి తెలుగులో మంచి మాట ఏముందా అని రెండు రోజులుగా వెతుకుతున్నాను. మా తెలుగు మేడమ్ రోజుకొక మాట రాసుకోమని నోటుబుక్కు పెట్టించారు. నిఘంటువులో 'నిర్వాహక వ్యవస్థ' అని ఉంది. నాకు మాత్రం పెద్దమ్మ గుర్తొచ్చింది.

పాతది పూర్తిగా తుడిచేసి కొత్తగా విండోస్ ఎక్కించాలి. నేనే చేస్తాను, దుర్గాశంకర్ గారికి ఇవ్వను. తుడిచే ముందు లోపల ఉన్నవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటాను. 'అంచులు' అనే ఫోల్డరు చూశాను. అదే ముందు తీస్తాను. పెద్దమ్మ ఫొటోలు, కరెంటు బిల్లులు, అన్నీ తీస్తాను. మీరు భయపడకండి.

ఫోన్‌లో మీకు నా మాట వినపడి ఉంటే ఇదంతా రెండు నిమిషాల్లో అయిపోయేది. నలభై ఏళ్ళ మగ్గం చప్పుడు మీ చెవుల్ని తినేసింది గనక నాకు ఉత్తరాలు రాసే యోగం పట్టింది. నాకైతే ఇదే బాగుంది. శౌరయ్య గారి వ్యాను మంగళవారం, శనివారం పటమట మీదుగానే పెడన వస్తుందట. చీరల మూటలో ఉత్తరం పెడతానన్నారు.

మీ
జ్యోతిర్మయి


పెడన
14 అక్టోబరు, మంగళవారం

జ్యోతీ,

నీ ఉత్తరం చీర మడతలోంచి పడింది. మీ పెద్దమ్మ చదివి వినిపిస్తానంది గానీ నేనే చదువుకున్నాను. నిర్వాహక వ్యవస్థ సంగతి మాత్రం చదివి వినిపించాను. ఆమె మొహంలో సంతోషమో కోపమో తెలియలేదు.

తొందర ఎందుకో నీకు చెప్పాలి. విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల షాపు వెంకటసుబ్బారావు గారు తెలుసుగా, శౌరయ్య వ్యాను ఆయనదే. ఆయన నవంబరు ముప్పై ఆదివారం మన ఇంటికి వస్తున్నాడు. మా పాత అంచులు కంప్యూటర్ తెర మీద వరసగా చూస్తాడట. కనీసం ఇరవై చూపించమన్నాడు. నచ్చితే మన నాలుగు మగ్గాలకీ ఉగాది దాకా పని. మీ నాన్న మగ్గం కూడా ఆ నాలుగింటిలో ఒకటని నీకు వేరే చెప్పక్కర్లేదు. చూపించలేకపోతే ఆయన ఇంకో ఊరు వెళ్తాడు. ఈ సంక్రాంతికి ముందే రెండు మగ్గాలు ఆగిపోతాయి.

కాగితాలు లేవు. రెండేళ్ళ కిందట పెట్టెలో చెదలు పట్టి బొమ్మ కాగితాలూ, మగ్గానికి అంచు బొమ్మ చెప్పే జకార్డు అట్టలూ తినేశాయి. మిగిలిన ముక్కలు చూసుకుంటూ ఒక్కో అంచు ఆ గళ్ళ షీటులో ఎక్కించాను. గడికి ఒక పోగు. నువ్వు నేర్పినట్టే. ఎక్కించాక ఆ ముక్కలు పొయ్యిలో పెట్టాం, చెదలు ఇంకో పెట్టెకి పాకకుండా.

'అంచులు' ఫోల్డరు తీసుకో, మంచిదే. కానీ బుట్టలోవి మాత్రం ఇంకా జాగ్రత్త తల్లీ. ఒక్కటి కూడా పోకూడదు.

వెంకటప్పయ్య


పటమట
18 అక్టోబరు, శనివారం

పెదనాన్నకి,

ముందు బుట్ట సంగతి. మీరు లాప్‌టాప్‌తో పాటు పంపిన బుట్టలోవి అన్నీ క్షేమం. ఒక్క సీసా కూడా పగల్లేదు. ఊరమిరపకాయలు నా మంచం కింద దాచాను. గోంగూర మాత్రం మా రూమ్మేట్ రుచిత కంట పడి సగమైంది. పెద్దమ్మకి చెప్పండి.

రెండో సంగతి. అయిపోయింది! గురువారం కాలేజీ సెలవు పెట్టి కూర్చున్నాను. 'అంచులు' ఫోల్డరులో పదకొండు షీట్లున్నాయి. అవీ, ఫొటోలూ, తెర మీద కనిపించేవన్నీ రెండు పెన్‌డ్రైవ్‌లలోకి తీశాను. తీసినవి తెరుచుకుంటున్నాయో లేదో ఒక్కొక్కటీ చూశాను. తర్వాతే డిస్కు మొత్తం తుడిచాను. రుచిత అన్నయ్య ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో విండోస్ ఉంది. దాన్ని గుచ్చి ఎక్కించాను. నలభై నిమిషాలు పట్టింది. ఇప్పుడు లాప్‌టాప్ పిలవగానే పలుకుతోంది.

ఒక్క చిక్కు మిగిలింది. తెర మీద కుడివైపు కింద మూలలో 'విండోస్‌ని యాక్టివేట్ చేయండి' అని బూడిద రంగు అక్షరాలు వచ్చాయి. ఏం తెరిచినా దాని మీద అవే అక్షరాలు, తడిగుడ్డతో తుడిచినా పోని మరకలా. నేను ఎక్కించిన విండోస్ దొంగ సరుకు కాదని మనం రుజువు చేసుకోవాలట. దానికి ఇరవై అయిదు అక్షరాల తాళం, అదే 'కీ', ఒకటుంటుంది. కొన్నప్పుడే లాప్‌టాప్‌తో వచ్చే ఉంటుంది. అడుగున అంటించిన స్టిక్కరు మీద ఉంటుందని రుచిత చెప్పింది. తిరగేసి చూస్తే స్టిక్కరు ఉంది గానీ అక్షరాలు లేవు. తెల్లగా, అక్కడక్కడా పసుపుగా ఉంది.

పెద్దమ్మని అడగండి, అది ఎలా అరిగిపోయిందో.

దుర్గాశంకర్ గారు నవ్వారు. ఆయన దగ్గర ఒక చిన్న ప్రోగ్రాం ఉందట, నొక్కితే తాళం లేకుండానే తెరుచుకుంటుందట. "పటమటలో సగం కంప్యూటర్లు అలాగే నడుస్తున్నాయమ్మా, నీ ఒక్కదానికే పట్టింపా" అన్నారు. మిమ్మల్ని అడిగి చెప్తానన్నాను. నిమిషం పనే. చేయించేయనా?

ఈ వారం మాట: యాక్టివేషన్. 'క్రియాశీలం' అంటున్నారు. నోరు తిరగడం లేదు.

జ్యోతిర్మయి


పెడన
25 అక్టోబరు, శనివారం

జ్యోతీ,

దీపావళి ఏదో అయిందనిపించాం. కాకరపువ్వొత్తులు మీ పెద్దమ్మే కాల్చింది.

స్టిక్కరు సంగతి అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. దసరా నాడు దానికి పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టి, మర్నాడు ఇత్తడి చెంబు తోమినట్టు నిమ్మచెక్కతో తోమిందట. అక్షరాలున్నాయని చూసిందట గానీ, మగ్గం మీద కంపెనీ పేరు లాంటివి అనుకుందట. నాలుగు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. వెంకటరత్నమ్మ చేతులతో ఇంటికి కీడు చేసింది అని తన పేరు తనే పెట్టి తిట్టుకుంటోంది. దానికి నువ్వే ఏదో ఒకటి రాయి.

దుర్గాశంకర్ గారికి నా నమస్కారాలు చెప్పు. వద్దని చెప్పు.

ఎందుకంటావేమో. మూడేళ్ళ కిందట విజయవాడలో ఒక షాపు ముందు బొమ్మకి కట్టిన చీర చూశాను. అచ్చేసిన మిల్లు గుడ్డ. అంచు నాది. మామిడిపిందెలో తొడిమ దగ్గర నేను ఒక గడి తప్పు ఎక్కించాను ఆ రోజుల్లో, ఆ తప్పు కూడా అలాగే ఉంది. ఎవరో నా చీర ముందు పెట్టుకుని ఎక్కించుకున్నారు. షాపులోకి వెళ్ళి ఏమని అడగను? కాసేపు నిలబడి బస్సెక్కి వచ్చేశాను. మీ నాన్నకి కూడా చెప్పలేదు. ఇప్పుడు ఆ అంచులే వెంకటసుబ్బారావు గారికి చూపిస్తుంటే మూలలో 'ఇది దొంగ సరుకు' అని ఉంటే నేను తలెత్తి మాట్లాడగలనా? తాళం లేకుండా తెరవడం కూడా అదే కదా. అడిగి తెరుద్దాం. ఆలస్యమైనా సరే.

సీసాల సంగతి చదివి నవ్వుకున్నాను. నేనన్నది ఆ బుట్ట కాదమ్మా. తెర మీద ఎడమ పక్క పైన ఒక బుట్ట బొమ్మ ఉంటుంది చూడు, అది. అదేమిటని నేనడిగితే 'బుట్ట పెదనాన్నా, అయిపోయినవి అందులో వేయాలి' అని నువ్వే కదా చెప్పావు. అప్పట్నుంచీ ఒక్కో అంచూ అయిపోగానే అందులోకే లాగి వేస్తున్నాను. నూలు కండెలు చుట్టి బుట్టలో వేసినట్టు. మళ్ళీ చూడాలంటే బయటికి తీసి, చూసి, మళ్ళీ వేస్తాను. నలభై మూడున్నాయి. 'అంచులు' ఫోల్డరులోవి ఇంకా సగం నేసినవి, అవి పోయినా బాధ లేదు.

బుట్ట తెరిచి చూశావా? ఏ అంచు నచ్చిందో రాయి.

వెంకటప్పయ్య


పటమట
1 నవంబరు, శనివారం

పెదనాన్నకి,

తుఫాను మీ మీదుగా వెళ్ళిందని టీవీలో చూశాం. మంగళవారం రాత్రంతా ఇక్కడ కూడా కిటికీలు కొట్టుకుంటూనే ఉన్నాయి. కరెంటు ఎప్పుడొచ్చింది? మగ్గం గుంటలోకి నీళ్ళు దిగాయా? నాన్న ఫోన్ కలవడం లేదు. శౌరయ్య గారు ఈ రోజు బయల్దేరుతున్నామన్నారు, అందుకే గబగబా రాస్తున్నాను.

యాక్టివేషన్ కోసం సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. ముందు ఒక రికార్డు గొంతు మాట్లాడింది. లాప్‌టాప్ తెర మీద తొమ్మిది గళ్ళలో అంకెలు కనిపిస్తాయి, అవన్నీ ఒక్కొక్కటే చెప్పాలి. గడికి ఏడంకెలు. ఆరో గడి దగ్గర మెస్సులో గంట కొట్టారు, ఆ గంటని కూడా అంకె అనుకుందో ఏమో, మళ్ళీ మొదటికి. మూడోసారికి పూర్తయింది. తర్వాత ఒక అమ్మాయి గొంతు వచ్చింది, మర్యాదగా మాట్లాడింది. తాళం చెప్పమంది. తాళం లేకే కదండీ ఫోన్ చేశానంటే, తాళం లేకపోతే తను చేయగలిగింది ఏమీ లేదంది. కొన్నప్పటి బిల్లు ఉంటే చూడమంది. బిల్లు ఆ చెదలు పట్టిన పెట్టెలోనే ఉండేది కదా.

దుర్గాశంకర్ గారికి వద్దని చెప్పాను. మీ పెదనాన్న మంచివారే గానీ కాలం తెలియని మనిషి అన్నారు.

పెద్దమ్మకి చెప్పండి, ఆమె తప్పేమీ లేదని. నిజంగా లేదు.

బుట్ట గురించి వచ్చే ఉత్తరంలో రాస్తాను. పరీక్షలున్నాయి.

జ్యోతి


పెడన
8 నవంబరు, శనివారం

జ్యోతీ,

నీళ్ళు దిగాయి. నాలుగు గుంటల్లోనూ మోకాలెత్తు. మూడు రోజులు చెంబులతో తోడాం. కరెంటు అయిదో రోజున వచ్చింది. పడుగు పోగులు తడవకుండా పైకి ఎత్తి దూలానికి కట్టాం గానీ, మీ నాన్న మగ్గం మీద కొంత బూజు పట్టింది. అతను ఆ పడుగంతా కోసేస్తానన్నాడు. కోసేయ్, కానీ చివర మూరెడు ఉంచు అన్నాను.

నీ తాళం గోల చదువుతుంటే ఆ మూరెడే గుర్తొచ్చింది. నువ్వు చిన్నప్పుడు మా మగ్గం పక్కనే ఆడుకున్నావు గానీ ఇది గమనించావో లేదో. చీర నేయడం అయిపోయాక పడుగు మొత్తం ఎప్పుడూ కోయం. మగ్గం మీద మూరెడు పాత పడుగు అలాగే వదిలేస్తాం. దాని పోగులు దువ్వెన లాంటి అచ్చులో ఎక్కించే ఉంటాయి కదా. కొత్త పడుగు తెచ్చి, కొత్త పోగుని పాత పోగుకి ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతాం. రెండు మూడు వేల పోగులు. ఆ మూరెడూ లేకపోతే ప్రతి పోగునీ మళ్ళీ అచ్చు సందులోంచి దూర్చాలి, వారం పడుతుంది. ఏ చీరకి ఏ వరసో అంతా ఆ మూరెడే గుర్తుపెట్టుకుంటుంది. అయితే ఒకటి. పాతది ఎన్ని పోగులో కొత్తది కూడా అన్ని పోగులే ఉండాలి. వేరే లెక్క పడుగు తెస్తే అతకదు.

నువ్వు అంతా తుడిచేశానన్నావు. ఆ యంత్రం లోపల పాతది మూరెడైనా మిగల్లేదా? మనం కొన్నప్పుడు తాళం ఎక్కడో ఒకచోట అది కూడా గుర్తు పెట్టుకుని ఉండాలి కదా. నాకు తెలియక అడుగుతున్నాను.

బుట్ట గురించి నువ్వు రాయలేదు. పరీక్షలని రాశావు. నీ పరీక్షలు డిసెంబరులోనని మీ నాన్న అన్నాడు.

వెంకటప్పయ్య


పటమట
11 నవంబరు, మంగళవారం

పెదనాన్నా,

ఈ ఉత్తరం మూడుసార్లు చింపి రాస్తున్నాను. మూడింటిలోనూ ముందు తాళం గురించి రాశాను. అందుకే చింపేశాను.

మీ నలభై మూడు అంచులూ పోయాయి.

ఆ బుట్ట దాచుకునేది కాదు. ఇక అక్కర్లేదని పారేసినవి, పూర్తిగా పోయే ముందు ఉండే చోటు. పొరపాటున పారేస్తే వెనక్కి తీసుకోవడానికి మాత్రమే అది ఉంటుంది. అందుకే కాపీ చేసేటప్పుడు నేను అందులోకి తొంగి కూడా చూడలేదు. ఎవరూ చూడరు. డిస్కుతో పాటు అదీ తుడుచుకుపోయింది. మీ అక్టోబరు 25 ఉత్తరం చదివిన రోజే నాకు తెలిసింది. తెలిసి కూడా మొన్న ఒకటో తారీఖున ఫోన్ గురించి రెండు పేజీలు రాశాను.

'అయిపోయినవి అందులో వేయాలి' అని నేనే చెప్పాను. నాకు ఆ రోజు గుర్తుంది. మీరు మగ్గం పక్కన పీట మీద కూర్చుని అడిగారు, నేను ఫోన్ చూసుకుంటూ చెప్పాను. నా ఉద్దేశంలో అయిపోయినవి అంటే పనైపోయి ఇక అక్కర్లేనివి. మీకు అయిపోయినవి అంటే పూర్తయినవి. రెండూ ఒకే మాట. రోజుకొక మాట నోటుబుక్కులో రాసుకుంటున్నాను, ఈ మాట మాత్రం రాయలేదు.

దుర్గాశంకర్ గారి దగ్గర కూర్చుని తుడిచిన డిస్కులోంచి వెనక్కి తీసే ప్రయత్నం చేశాను. రెండు పూటలు వెతికితే నలభై మూడు పేర్లూ దొరికాయి. పేర్లు మాత్రమే. తెరిస్తే లోపల గళ్ళు లేవు, ఏవో గీతలు. వాటి మీద కొత్త విండోస్ వచ్చి కూర్చుందట. ఆయన ఈసారి నవ్వలేదు, డబ్బులు కూడా తీసుకోలేదు.

పేర్లు మీకు పంపిస్తున్నాను. ఇంతకంటే పంపడానికి నా దగ్గర ఏమీ లేదు. కాకరగింజ. మామిడిపిందె. రుద్రాక్ష. ఏడుపాయల జడ. పొన్నపువ్వు. చింతాకు. పడవ. చిన్న పడవ. నెమలి కన్ను. వంకీ. పేరు లేనిది ఒకటి. పేరు లేనిది రెండు. మిగతావి వేరే కాగితం మీద వరసగా రాశాను. మీరు ఇంత బాగా పేర్లు పెడతారని నాకు తెలియదు.

నాన్నకి నేను చెప్పలేదు. మీరు చెప్పమంటే చెప్తాను. ఆ రెండు మగ్గాలు ఆగితే అది నా వల్లే.

తాళం గురించి ఒక్క ముక్క, పెద్దమ్మ కోసం. మీరు రాసిన మూరెడు పడుగు చదివి, యంత్రం లోపల ఏం మిగిలిందా అని వెతికాను. మిగిలింది. డిస్కులో కాదు, అసలు బోర్డులోనే తయారీవాళ్ళు తాళాన్ని ఎక్కించి పంపారు. తుడిచినా పోదు. స్టిక్కరు మీద తాళం అసలెప్పుడూ లేదు, అక్కడ ఉన్నది మోడలు నంబరు మాత్రమే. పెద్దమ్మ తోమింది నంబరునే. నా తప్పు ఏమిటంటే, ఈ లాప్‌టాప్‌కి వచ్చింది ఇళ్ళల్లో వాడే 'హోమ్' రకం, రుచిత అన్నయ్య పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఆఫీసులు వాడే 'ప్రో' రకం. పోగుల లెక్క వేరు. అందుకే అతకలేదు. నిన్న సరైన రకం దించుకుని మళ్ళీ ఎక్కించాను. నెట్ కలపగానే అదే అతుక్కుంది. ఎవరూ ఏమీ అడగలేదు. మూలలో అక్షరాలు పోయాయి.

తెర ఖాళీగా, శుభ్రంగా ఉంది. చూడలేక మూసేశాను.

జ్యోతి


పెడన
18 నవంబరు, మంగళవారం

జ్యోతీ,

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రమే మొత్తం చదివాను. శనివారం వ్యానుకి జవాబు పంపలేదు. పంపితే రాయకూడనివి రాసేవాణ్ణి. కోపం పోయిందని ఇప్పుడు రాసినా అబద్ధమే అవుతుంది. కళ్ళు మునుపటిలా లేవు. ఆ ముక్కలు చూసి ఎక్కించడానికి రెండేళ్ళు పట్టింది, మళ్ళీ రెండేళ్ళు నాకున్నాయో లేదో. నీ మీద ఎంత కోపమో, ఒక బొమ్మని అడగకుండా నమ్మినందుకు నా మీదా అంతే.

మూడు రోజులు మగ్గం ఎక్కలేదు. మీ నాన్న వచ్చి ఒంట్లో బాగోలేదా అన్నాడు. అతనికి చెప్పేశాను. వెళ్ళి తన పడుగు అతుక్కుంటూ కూర్చున్నాడు. నువ్వు అతనికి వేరే చెప్పక్కర్లేదు గానీ ఒకసారి ఫోన్ చెయ్యి.

ఆదివారం మధ్యాహ్నం మీ పెద్దమ్మ నీ పేర్ల కాగితం తీసుకుని నా చెవి దగ్గర కూర్చుంది. స్టిక్కరు మీద తాళం లేదని తెలిశాక మనిషికి ప్రాణం లేచొచ్చింది. కాగితం గట్టిగా చదవడం మొదలుపెట్టింది. నాకు వినాలని లేదు, చెయ్యి అడ్డం పెట్టాను. కాకరగింజ అంది. అని ఆగి, "అది మన వీధి మార్త కట్టుకుని తిరుగుతోంది కదండీ, నిన్న నీళ్ళ బిందెతో ఎదురొచ్చింది" అంది.

జ్యోతీ, నాకు ఆ మాట తట్టలేదు చూడు. కొత్త అంచు వేసినప్పుడల్లా మొదటి చీర తప్పుల్తోనే దిగుతుంది. ఎక్కడో పోగు తేలుతుంది, ఒక పువ్వు వంకరపోతుంది. అది అమ్మం. వీధిలో ఎవరో ఒకరికి ఇచ్చేస్తాం, ఇంట్లో కట్టుకుంటారని. ముప్పై ఏళ్ళుగా ఇస్తున్నాం. నా అంచులన్నీ ఈ వీధి ఆడవాళ్ళ ఒంటి మీద ఉన్నాయి. నేను రోజూ వాళ్ళ ముందునుంచే టీకి వెళ్తున్నాను.

మీ పెద్దమ్మ కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. నిన్నటికి పద్దెనిమిది దొరికాయి. కొన్ని బాగున్నాయి, కొన్ని ఉతికి ఉతికి అంచు కనిపించీ కనిపించనట్టు ఉంది. చింతాకు బొంతలో కుట్టేసి ఉంది. చిన్న పడవతో ఉయ్యాల కట్టారు, పిల్ల లేచాక ఇస్తానన్నారు. రుద్రాక్ష పొయ్యి దగ్గర మసిగుడ్డ అయింది, దాన్ని లెక్కలో వేయలేదు. మామిడిపిందె మార్త వాళ్ళ అమ్మ పోయినప్పుడు ఆమెకి కప్పి పంపారట. దాని గురించి ఇంక అడగలేదు.

వెంకటసుబ్బారావు గారు ఇరవై అన్నాడు. రెండు తక్కువ. 'అంచులు' ఫోల్డరులోవి సగమే, వాటికి మిగతా ముక్కలు దొరకలేదు. ఆ రెండూ నేను కొత్తగా వేస్తాను, చూద్దాం. ముప్పయ్యో తారీఖుకి ఇంకా పన్నెండు రోజులు. ఒక్కణ్ణే భూతద్దంతో పోగులు లెక్కపెట్టి, మళ్ళీ వెళ్ళి గళ్ళు నింపాలంటే రోజుకి ఒకటి కూడా కాదు.

నిన్ను రమ్మని నేను రాయడం లేదు. నీ పరీక్షలు డిసెంబరులో కదా.

వెంకటప్పయ్య


పటమట
22 నవంబరు, శనివారం

పెదనాన్నకి,

ఈ ఉత్తరం ఈ సాయంత్రానికి మీకు చేరుతుంది. దీని వెనకే నేను.

నాన్నతో మాట్లాడాను. మాట్లాడింది తక్కువ. చివర్లో, పడుగు అతకడం అయిందా అని అడిగితే ఇంకా నూట యాభై పోగులున్నాయి, నువ్వొస్తే ఆ చివరవి నువ్వే మెలిపెడుదువుగాని అన్నాడు.

వారం రోజులకి కాలేజీలో సెలవు చీటీ పెట్టాను. కారణం దగ్గర ఏం రాయాలో తెలియక తెలుగు మేడమ్‌ని అడిగాను. జరిగిందంతా విన్నారు. 'ఇంటి పని' అని రాయి, అంతకంటే పెద్ద మాట దొరకదు అన్నారు.

గళ్ళ షీటు ఎక్కించి పెట్టాను. పద్దెనిమిది పేర్లతో పద్దెనిమిది ఖాళీ షీట్లు సిద్ధంగా ఉన్నాయి. ఇంకో రెండు 'పేరు లేనిది' అని పెట్టాను, అవి మీ కొత్తవాటికి. అన్నీ ఒకే ఫోల్డరులో ఉంటాయి. గడి నింపినప్పుడల్లా పెన్‌డ్రైవ్‌లోకి కూడా వెళ్తాయి. తెర మీద ఆ బుట్ట బొమ్మ తీసేశాను. అది కనపడకుండా పెట్టే వీలు ఉంది.

రేపు తెల్లవారుజామున అయిదింటికి బస్టాండులో ఎక్కుతాను. ఏడున్నరకల్లా పెడనలో ఉంటాను. ఎండ తూర్పు కిటికీలోంచి పడే వేళకి మీరు కాకరగింజ చీర మగ్గం మీద పరిచి, భూతద్దం దగ్గర పెట్టుకుని ఉండండి. మీరు పోగులు లెక్కపెట్టి చెప్పండి, నేను నింపుతాను. మీకు నా మాట వినపడకపోయినా పర్వాలేదు, నాకు మీ మాట వినపడుతుంది కదా.

ఊరమిరపకాయలు అయిపోయాయి. ఆ బుట్ట కడిగి ఎండబెట్టి తెస్తున్నాను. లెక్క అయిపోయిన చీర మడతపెట్టి అందులో వేద్దాం.

జ్యోతిర్మయి